గేటు తీపియ్యమని రాయి

మొన్న చేవెళ్లలో జిరాక్సు దుకాణం ముందు నిలబడి ఉండగా, దుకాణదారు సొరుగు దులుపుతుంటే ఒక నీలం కార్బన్ కాగితం జారి నా కాళ్ల దగ్గర పడింది. నలుగురిలో బాగుండదని తెలిసీ దాన్ని తీసి వాసన చూశాను, ఎందుకంటే ఆ వాసనలో మా కనకమామిడి చామంతి మళ్లూ, పదేళ్ల నా వేళ్లకు అంటిన నీలి మరకలూ, మా నాయనమ్మ గొంతూ ఉన్నాయి.

నాయనమ్మను ఊరంతా అవ్వ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. బతుకమ్మ పండుగ రోజుల్లో పొద్దు పొడవకముందే లేచి, మంచుకు తడిసిన చామంతులూ బంతిపూలూ కోసి గంపలకెత్తి, రాత్రి మిగిలిన జొన్నరొట్టె నములుతూ, సీతాఫలం ముందు ఎవరికి కనబడితే వాళ్లదేనని పందెం వేసుకుంటూ బండ్లబాట మీదుగా సడక్కు నడిచేవాళ్లం. గంపలు పట్నం బస్సెక్కేవి, నేను బడికి పోయేదాన్ని.

ఒక ఏడు సరిగ్గా పండుగ ముందు, పక్క పొలాలు కొన్న పట్నం ఆసామి ఒకాయన ఫామ్‌హౌసు కట్టి, బాటకు అడ్డంగా గేటు పెట్టి తాళం వేశాడు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి బస్సు పోయేది. మా ఇల్లు గడిచేదే ఆ పూల మీద. ఆయన్ను బతిమాలుదామని మా బాపు అంటే అవ్వ ససేమిరా అని, ఎమ్మార్వోకు అర్జీ పెడదామంది.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అర్జీ రాసే పని నాకు పడింది. రెండు కాగితాల మధ్య కార్బన్ పెట్టి, బడిలో నేర్చిన సెలవు చీటీ మాదిరిగా, "దయచేసి మాకు దారి ఇప్పించగలరని ప్రార్థన" అని రాశాను. అవ్వకు చదువు రాదు. పక్కన పూలు గుచ్చుతూ నాతో చదివించుకుంది.

"ఇప్పించుడేంది? ఉన్నదాన్నే ఇప్పిస్తరా? గేటు తీపియ్యమని రాయి. దయ గియ తీసెయ్."

"హక్కులు రాజ్యాంగం ఇచ్చిందని మా సార్ చెప్పిండవ్వా. మంచిగ అడగాలె గద," అన్నాను పెద్ద తెలివిగా.

"రాజ్యాంగం రాయకముందు మనం నడువలేదా? గది మనకిచ్చెటందుకు రాసింది కాదు బిడ్డా, ఆపెటోన్ని ఆపెటందుకు రాసింది."

మొయినాబాద్ ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా అర్జీ చూసి నవ్వాడు. "ఆయన మంచోడే అవ్వా. దండం పెట్టి అడుగు, తెరుస్తడు."

"ఇయ్యాల దండం పెడితె తెరుస్తడు, రేపు పెట్టకుంటె మూస్తడు. ఊరి నక్షల బాట ఉన్నదా లేదా, జర చూసి చెప్పు," అని అవ్వ అక్కడే కూర్చుంది. నకలు మీద ఆఫీసు ముద్ర పడేదాకా లేవలేదు.

ఆ ఏడు మా పూలు చెట్ల మీదే ఎండిపోయాయి. బాపు అవ్వతో మాట్లాడటం మానేశాడు, నాకు పండుగ గౌను రాలేదు, నేనూ ఆమె మీద అలిగాను. అవ్వ మాత్రం వారం వారం ఆఫీసుకు పోతూనే ఉంది. చివరికి సర్వేయరు గొలుసూ నక్షా పట్టుకుని వచ్చి కొలిచాడు. బాట బాటే అని తేలింది. మరుసటి పండుగకు గేటు లేదు, నా గంప అందరికన్నా ముందు నడిచింది.

ఇప్పుడు నేను శంకర్‌పల్లి బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చినప్పుడు పుస్తకం మూసి అవ్వ మాటే చెబుతాను, అంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు. అవ్వ పోయింది. చామంతి మళ్ల మీద విల్లాలు లేచాయి, బతుకమ్మకు పూలు మేమే కొనుక్కుంటున్నాం. బాట ఉంది, తారు పోశారు.

పోయిన ఆదివారం దాని మీద నడుస్తుంటే విల్లాల ముందు బాట మీదే కుర్చీ వేసుకుని కూర్చున్న సెక్యూరిటీ అబ్బాయి లేచి, "ఎవరింటికి మేడమ్?" అన్నాడు.

"ఎవరింటికి కాదు తమ్మీ. నడుస్తున్న."

అతను కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. అలవాటుగా థాంక్స్ చెప్పబోయి, మానుకుని, నడిచాను.