శనివారం ఉపవాసముండే కుక్క

రేపల్లెలో మా వీధికి సొంత డాక్టరుంది. పేరు సీతారావమ్మ గారు. చదివింది ఎనిమిదో తరగతి, ప్రాక్టీసు మాత్రం కాపురానికొచ్చిన నాటి నుంచీ. తన మోకాళ్ల నొప్పి బిళ్లలు తానొక్కరే మింగడం స్వార్థమని ఆవిడ నమ్మకం. కాబట్టి వీధిలో ఎవరికి నొప్పొచ్చినా స్టీలు డబ్బా మూత తీసేస్తారు. అడగక్కర్లేదు, ఆ గుమ్మం ముందు కాస్త కుంటితే చాలు.

ఆవిడ పెంచే ముసలి కుక్క టైగర్. ఆవిడ అన్నం ముందు కూర్చుంటేనే దానికీ పెట్టడం ఆ ఇంటి పద్ధతి. శనివారాలు ఆవిడ ఉపవాసం, అదీ ఉపవాసమే. రాత్రికి ఇద్దరూ ఇడ్లీ తింటారు. "కిందటి జన్మలో ఏ పూజారో!" అని వీధంతా దాని భక్తికి మురిసిపోయేది. దాన్నెవరూ అడగలేదు.

ఈమధ్య దానికి వెనక కాళ్లు పట్టేశాయి. తెనాలిలో పశువుల డాక్టరు సాయిసుధ గారు బరువు తూచి నొప్పి బిళ్లలిచ్చారు. రోజుకొకటే, అన్నం తిన్నాకే, ఇంకేదీ కలపొద్దని మరీమరీ చెప్పారు. మా డాక్టరమ్మకి ఆ బిళ్ల మరీ చిన్నగా కనిపించింది. తన మోకాళ్ల బిళ్లలో సగం విరిచి జత చేశారు. శనివారం కూడా మానలేదు, రెండూ పరగడుపునే వేశారు.

ఆదివారం టైగర్ వాంతులు చేసుకుంది. విరేచనం తారులా నల్లగా అయింది. "వేడి చేసిందిలే" అంటూ ఆవిడ మజ్జిగ తెచ్చారు. అది తలెత్తలేదు. ఆవిడ గిన్నె పక్కన పెట్టి దాని తల ఒళ్లోకి తీసుకున్నారు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఆటో పిలిచి ఇద్దర్నీ తెనాలి తీసుకెళ్లాను.

"కడుపులో పుండు పడి రక్తం పోతోందమ్మా. మనుషుల బిళ్లేమైనా వేశారా?" అన్నారు సాయిసుధ గారు.

"సగమేనండి."

"అన్నం పెట్టాకేనా?"

"నిన్న శనివారం కదండి..."

సాయిసుధ గారు ఆవిడ వంక ఒక్క చూపు చూసి, బిళ్లలన్నీ ఆపించి, సెలైను పెట్టారు. "బతికితే మాత్రం, ఇక ఏ పూటా దాని కడుపు మాడ్చకండి," అన్నారు.

టైగర్ బతికింది. మళ్లీ శనివారం వచ్చింది. ఆవిడ అన్నం మెత్తగా వండి దాని ముందు పెట్టారు. అది వాసన చూసి, మూతి తిప్పుకుని, ఆవిడ వైపే చూస్తూ కూర్చుంది. అంత బాగా నేర్పారు మరి! బతిమాలారు, కసిరారు, ఏడ్చారు కూడా. చివరికి, ఒకప్పుడు తాను ఆస్పత్రి మంచం మీద ఉండి సైతం శనివారం వ్రతం తప్పని సీతారావమ్మ గారు నేల మీద చతికిలబడి, ఆ ఉప్పులేని అన్నం ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

అప్పుడుగానీ టైగర్ పళ్లెంలో మూతి పెట్టలేదు.