తలంబ్రాల దగ్గర ఆగిన కంప్యూటర్

దయ్యాల్ని నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మే అవకాశమే లేదు, ఎందుకంటే బళ్లారిలో మా వీధికి కావలసిన దయ్యాలన్నీ తయారుచేసి పంచిందే నేను. కప్పగల్లు గుట్ట మీద గంటల్లా మోగే రాళ్లను రాత్రిళ్లు వాయించే ఆడదయ్యం కూడా నా సృష్టే. తయారుచేసేవాడికి సరుకు సంగతి తెలుస్తుంది కదా. ఇది మాత్రం నా సరుకు కాదు.

మైనింగ్ జోరు మీదున్న రోజులు. ఖనిజం లారీల దుమ్ముకు తెల్లచొక్కా సాయంత్రానికి ఎర్రబడేది. చేతుల్లో డబ్బు ఆడుతోంది, ఊరంతా పెళ్లిళ్లే. నాది పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపు. ఉన్నది ఒక్క కంప్యూటర్.

ఒక ఉదయం టిప్పర్ నడిపే నాగరాజు వచ్చాడు. ముందు వారమే వాడి పెళ్లికి వీడియో తీశాను.

"అన్నా, మా అవ్వకు రేపు కంటి ఆపరేషన్. చూపుండేది ఆ ఒక్క కంటికే. నిలుస్తాదో లేదో డాక్టరే చెప్పలేకపోతాండాడు. అంతలోపల పెళ్లి చూడాలంటాంది. ఈపొద్దే సీడీ కావల్ల."

"అవ్వ పెళ్లికి వచ్చిండెనే?"

"వచ్చిండె. బొట్టు లేనిదాన్ని, ముందరికి రాకూడదని వంటలకాడే కూచునె. ఎంత పిలిచినా రాలే."

మామూలుగా అయితే ఆ పని మర్నాటికి గానీ తెమలదు. అందుకే కంప్యూటర్ ఆన్ కాగానే డిలీట్ కీ నొక్కి, బయాస్ అనే లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి ప్రాసెసర్ వేగం పెంచాను. వేగం పెంచితే దానికి కరెంటు మేత కూడా పెంచాలి, లేకపోతే మధ్యలో చతికిలబడుతుంది. ప్రాసెసర్ వోల్టేజీ ఒక మెట్టు, మెమరీ వోల్టేజీ ఒక మెట్టు ఎక్కించాను. మరీ ఎక్కువైతే కాలిపోతుంది. ఆ భయంతో క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను.

జీలకర్ర బెల్లం, తాళి దాకా పరుగే పరుగు. తలంబ్రాలు మొదలవగానే తెర బిగుసుకుపోయింది.

మెమరీకి ఇంకో మెట్టు ఇచ్చాను. అక్కడే ఆగింది. అన్నీ తగ్గించి కంపెనీ పెట్టిన లెక్కకు తెచ్చాను. అక్కడే. సీడీ సంగతి వదిలేసి ఊరికే ప్లే చేసినా అక్కడే. ఆ ముక్క దాటిస్తే మిగతాదంతా శుభ్రంగా నడుస్తుంది. కెమెరా టేపు నుంచి మళ్లీ ఎక్కించుకుందామంటే, ఆ టేపు మీద అప్పటికే ఇంకొకరి పెళ్లి తీసేశాను. చివరికి వోల్టేజీలను ఎన్నడూ పోనంత ఎత్తుకు తీసుకుపోయాను. అయినా అంతే.

మధ్యాహ్నం నాగరాజు అవ్వను ఆస్పత్రిలో చేర్చడానికి తీసుకుపోతూ షాపు ముందు ఆటో ఆపాడు. ఆమె గోడ తడుముకుంటూ వచ్చి, తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"అవ్వా, తలంబ్రాలకాడ ఆగిపోతాంది. మిగతాది చూపిస్తా."

"ఆగితే ఆగనీలేప్పా, నేనేం బస్సుకు పోవల్లనా? పెట్టు."

పెట్టాను. తలంబ్రాలు వచ్చాయి. ఆగలేదు.

"చూడు, తల వంచనంటాండాడు నా మనవడు! పొయ్యమ్మా, బాగా పొయ్యి!" అని అవ్వ పకపకా నవ్వింది. నాగరాజు సిగ్గుపడి బయటికి చూశాడు. ఆమె కుడిచెయ్యి ఎత్తి, తెర మీదికి అక్షింతలు వేసినట్టు విదిలించింది. ఆ చెయ్యి ఖాళీగా ఉంది. పక్కనే ఉండి చూశాను.

ఆ తర్వాత ఆ ముక్క ఎన్నడూ ఆగలేదు, కంపెనీ వోల్టేజీకి దించినా సరే. మర్నాడు ఆపరేషన్ అయింది గానీ చూపు నిలవలేదు. సీడీ అవ్వకు వినడానికే మిగిలింది.

కొన్నాళ్లకు దుమ్ము దులపడానికి ప్రాసెసర్ మీది ఫ్యాన్ విప్పాను. ఎర్రదుమ్ములో పసుపు బియ్యపు గింజలు.

"ఎలకలు తెచ్చింటాయిలే," అంది మా ఆవిడ.

"తెచ్చిన ఎలక తినకుండా పోతాదా?" అన్నాను.

నేను నోరు తెరవకముందే అబద్ధం పట్టేసే మనిషి, ఆ గింజల్ని ఏరి అగ్గిపెట్టెలో వేసింది. అది ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది. ఎలా వచ్చాయో నాకు తెలియదు. నేను చెప్పిన దయ్యాలన్నింటినీ వీధి నమ్మింది. దీన్ని మాత్రం ఒక్కరూ నమ్మరు.