మా మనవరాలి బబ్బీ

మా వియ్యపురాలు పోయిందని అల్లుడు ఫోన్ చేసినప్పుడు పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. సోమవారం ఉదయం. "అత్తయ్యా, మామ్ ఈజ్ గాన్" అన్నాడు. అతనికి వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో అత్తయ్య ఒకటి. నిద్రలోనే గుండె ఆగిందట. నేను "సరే బాబూ" అన్నాను. ఇంకేమైనా అన్నానో లేదో గుర్తులేదు. ఫోన్ పెట్టేసి పప్పులో ఉప్పు వేశాను, తాలింపు పెట్టాను, కరివేపాకు కూడా మర్చిపోలేదు. మా ఆయన వచ్చి ఫోన్ ఎవరని అడిగాక, చెబుతుంటే నేనూ అప్పుడే వింటున్నట్టనిపించింది.

ఏడుపు రాలేదు. నెల దాటింది, ఇప్పటికీ రాలేదు. రాస్తే వస్తుందేమోనని ఇది మొదలుపెట్టాను.

ఆవిడ యూదు మనిషి. ఉండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మేం నోవైలో. మంచు లేకపోతే పదిహేను నిమిషాల డ్రైవ్. హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది, భర్త ఎప్పుడో పోయాడు. మా అమ్మాయి వాళ్లబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు ఇద్దరం సమానంగానే మొహం ముడుచుకున్నాం. మనలో వియ్యపురాళ్లు ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారని పెళ్లయ్యాక మాటల్లో చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను "వడీనా" అనడం మొదలుపెట్టింది. సెల్‌ఫోన్‌లో నా నంబరు కూడా ఆ పేరుతోనే ఉండేది. ఆవిడ మాట్లాడేదంతా ఇంగ్లీషే అయినా నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది, అలాగే రాస్తున్నాను.

పెద్ద గొంతు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఎవరితోనో గొడవపడుతోందేమోనని మా ఆయన హాల్లోకి పరుగెత్తుకొచ్చాడు. "నాకు కోపం లేదు, నా గొంతే ఇంత" అంది. మా అమ్మాయీ అల్లుడూ పోట్లాడుకుంటూ గుమ్మం దాటబోతే "ముందు కోటు వేసుకోండి, తర్వాత దెబ్బలాడుకోండి" అనేది. మా మనవరాలికి ఆ మాటలు కంఠతా వచ్చు. అది ఆవిణ్ణి బబ్బీ అనేది. వాళ్లలో నాయనమ్మను అలా పిలుస్తారు.

వాళ్ల ఆచారంలో పాలూ మాంసమూ కలవకూడదు. ఆవిడ ఇంట్లో పాలకు వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. మాది శాకాహారం కాబట్టి మా ఇంట్లో తినడానికి భయం లేదనేది. అయినా మొదట్లో హ్యాండ్‌బ్యాగ్‌లో నాప్‌కిన్ చుట్టి తన చెంచా తెచ్చుకునేది. మా అత్తగారి మడి చూసినదాన్ని, నాకది వింత అనిపించలేదు, కొంచెం కోపం వచ్చిందంతే. నాలుగైదేళ్ల తర్వాత ఒక బుధవారం ఆ చెంచా మా సింకులో వదిలేసి వెళ్లిపోయింది. మర్చిపోయావని ఫోన్ చేస్తే "అక్కడే ఉండనీ, మళ్లీ వస్తాగా" అంది. మళ్లీ ఎప్పుడూ తీసుకుపోలేదు.

బుధవారాలు మావి. ఒక వారం ఆవిడ వంటింట్లో, ఒక వారం నా వంటింట్లో. కూరలు తరుగుతూ పిల్లల మీద చాడీలు చెప్పుకునేవాళ్లం. డ్రైవింగ్‌లో మాత్రం ఆవిడతో నాకు పడలేదు. మెయిన్ రోడ్డు మీద నలభై అయిదు మైళ్లు ఉంటే ముప్ఫైలో పోయేది. వెనక కార్లవాళ్లు హారన్ కొడితే వాళ్లకి చెయ్యి ఊపేది.

ఇప్పుడు చెప్పడానికి నాకు ఇష్టంలేని సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియదు.

మన లెక్కలో బిడ్డకి తండ్రి గోత్రం. ఆవిడ వెళ్లే యూదుల గుడి, సినగాగ్ లెక్కలో తల్లి యూదు అయితేనే బిడ్డ యూదు. తల్లి నా కూతురు, తండ్రి ఆవిడ కొడుకు. అంటే మా మనవరాలు రెండు లెక్కల్లోనూ తప్పిపోయి పుట్టింది. దానికి వాళ్ల దగ్గర ఒక దారి ఉంది. పసిబిడ్డను వాళ్ల పద్ధతిలో ఒక నీళ్ల తొట్టెలో మూడుసార్లు ముంచి, మంత్రం చెప్పి కలుపుకుంటారు. మనవరాలికి మూడో నెలలో ఆ సంగతి మాట్లాడటానికి సినగాగ్ పెద్దాయన ఒకాయన్ని వెంటబెట్టుకుని ఆవిడ మా అమ్మాయి ఇంటికి వచ్చింది. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. మా అమ్మాయి ఎటూ తేల్చుకోలేక నా వంక చూసింది.

"మా పిల్లకి ఏం అంటుకుందని ముంచి కడుగుతారు?" అన్నాను. గట్టిగానే అన్నాను. పెద్దాయన టీ సగంలో వదిలేసి లేచాడు. మా వియ్యపురాలు "పదండి, దింపుతాను" అని ఆయన కోటు అందించింది. ఆ గొంతు అంత చిన్నదైపోవడం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత ఆ ప్రస్తావన మా ఇళ్లల్లో రాలేదు. పిల్లకి శుక్రవారం దీపాలు వెలిగించడం, ప్రార్థనలు చదవడం అన్నీ ఆవిడే నేర్పింది. పదమూడేళ్లప్పుడు తోటి పిల్లలకి, ఇక పెద్దవాళ్ల లెక్కలో చేరారని, సినగాగ్‌లో వేడుకలు జరిగాయి, దీనికి జరగలేదు. తన అమ్మానాన్నలకి ఇవి పట్టవు కాబట్టి జరపలేదని అది అనుకుంది. ఎవరమూ దిద్దలేదు. నేనైతే అసలే దిద్దలేదు.

ఈ వేసవిలో దానికి పంతొమ్మిది నిండాయి. యూదు కుటుంబాల కాలేజీ పిల్లల్ని పూర్వీకుల ఊళ్లు చూపించడానికి లిథువేనియా తీసుకెళ్లే గ్రూప్ ట్రిప్‌కి అప్లై చేసింది. ఒంటరిగా దేశం దాటడం అదే మొదటిసారి. నిజం చెప్పాలంటే నేను మూతి ముడుచుకున్నాను. అదే నెలలో దాన్ని రాజమండ్రి తీసుకెళ్లాలని నా ప్లాను. "గోదావరి ఎక్కడికీ పోదు అమ్మమ్మా" అంది. బబ్బీ మాత్రం వాన తడవని బూట్లు కొనిపెట్టింది. తన తల్లి చిన్నప్పుడు వదిలొచ్చిన ఊరి పేరు, తన అమ్మమ్మ పేరు ఒక కార్డు మీద రాసిచ్చింది. "సమాధి దొరికితే ఒక రాయి పెట్టు. దొరక్కపోతే ఎక్కడో ఒకచోట పెట్టు, ఆవిడే వెతుక్కుంటుంది" అంది. చూసి వచ్చామన్న గుర్తుగా వాళ్లు సమాధి మీద రాయి పెడతారు.

అది వెళ్లాక వచ్చిన బుధవారం మేమిద్దరం ఆవిడ వంటింట్లో క్యారెట్లు తరుగుతున్నాం. వీడియో కాల్ వచ్చింది. ఏదో హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంది మనవరాలు, ముక్కు ఎర్రబడింది. ఇద్దరం కనిపించేసరికి దాని మాట తెలుగులోకి వచ్చేసింది.

"అమ్మమ్మా, నేను ఇంటికి వచ్చేస్తా. డిన్నర్‌లో ఒకబ్బాయి అడిగాడు, మీ మామ్ ఇండియన్ ఆ అని. అవును అన్నా. అయితే టెక్నికల్‌గా నువ్వు మా గెస్ట్ అన్నాడు. అందరూ విన్నారు. నేను గెస్ట్ అంట."

ఆవిడకి తెలుగు రాకపోయినా గెస్ట్ అన్న మాట చాలింది. నా వైపు చూసింది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ క్షణం ఆవిడ ఒక్క మాట అంటే చాలు. మీ అమ్మమ్మ ఆ రోజు ఒప్పుకుని ఉంటే ఎవడూ నిన్ను ఇలా అనేవాడు కాదని. అంటుందనే అనుకున్నాను. అనాల్సిందే కూడా.

ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని "మొహం కడుక్కో" అంది. "రేపు మా అమ్మ ఊరు. నువ్వు చూడకుండా వస్తే నేను ఇంక చూసేదేం లేదు. బస్సులో ఆ అబ్బాయి పక్క సీట్లోనే కూర్చో. వాడు లేచి పోవాలనుకుంటే పోనీ, నువ్వు మాత్రం లేవకు."

ఫోన్ పెట్టేశాక కత్తి పక్కన పెట్టి అన్నాను. "వదినా, ఆ రోజు వద్దన్నది నేను కదా. పిల్లకి చెప్పెయ్."

"గుర్తుంది. నీ గొంతు కూడా చిన్నదేం కాదు" అంది. "క్యారెట్ ఇంకాస్త సన్నగా తరుగు."

క్షమించావా అని అడగాలనుకున్నాను. వచ్చే బుధవారం అడుగుదాంలే అనుకున్నాను.

మర్నాడు మనవరాలు ఫోటో పంపింది. గడ్డిలో ఒరిగిన ఒక సమాధి, దాని మీద రాయి, పక్కన అది. ఫోటో తీసింది ఆ అబ్బాయేనట. వియ్యపురాలు వెంటనే నాకు ఫోన్ చేసింది. "చూశావా వడీనా, అంత రాయి ఎక్కడైనా పెడతారా? పిడికెడు చాలు. అచ్చం మావాళ్ల బుద్ధే" అని నవ్వింది. నేను ఆవిడ గొంతు వినడం అదే ఆఖరు.

వాళ్లలో శవాన్ని ఉంచరు. మనవాళ్లయితే ఫ్రీజర్ బాక్స్ తెప్పించి, రావాల్సినవాళ్లు వచ్చేదాకా ఆపుతారు. మా అమ్మాయి కూతురి కోసం ఒక్కరోజు ఆగమని భర్తని బతిమాలింది. ఎవరి కోసమూ తనను ఉంచొద్దని తల్లి ముందే రాసిపెట్టిందని అతను కాగితం చూపించాడు. మంగళవారం మధ్యాహ్నం సమాధి. మనవరాలి ఫ్లైట్ దిగేది సాయంత్రం ఆరింటికి.

నేను పూలు కొన్నాను, రెండు చేతులనిండా తెల్ల చామంతులు. కారు దిగుతుంటే మా అమ్మాయి "అమ్మా, ఫ్లవర్స్ వద్దు. వీళ్లు ఫ్యూనరల్‌కి తీసుకురారు. కార్‌లో వదిలెయ్" అంది. వదిలేశాను. మట్టి వెయ్యడానికి అక్కడ అందరూ వరసగా నిలబడతారు, ఆడవాళ్లు కూడా. మా ఊళ్లో నేను శ్మశానం గేటు కూడా చూసినదాన్ని కాదు. మూడు పారలు వేశాను. మట్టి బరువు చేతికి తెలిసింది, మనసుకి ఏమీ తెలియలేదు.

వాళ్లకి మైల ఏడు రోజులు. మొదటి సాయంత్రం అందరూ ఆవిడ ఇంటికి వచ్చి ప్రార్థన చేయాలి. ఇంట్లో అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పారు. అలవాటుగా బొట్టు సర్దుకోబోయి బట్ట ముందు నిలబడ్డాను. అయిదింటికి పెద్ద గాలివాన పట్టుకుంది. అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయి, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. రావాల్సినవాళ్లలో సగానికి పైగా రాలేకపోయారు. మా అమ్మాయి మాత్రం ఆ వానలోనే కూతురి కోసం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లింది.

ఏడున్నరకి వాన తెరిపిచ్చింది, వేసవి కాబట్టి ఇంకా వెలుతురుంది. ప్రార్థన చెప్పించడానికి వచ్చింది ఆనాటి పెద్దాయనే. ఇప్పుడు ఎనభై దాటాయి. తల్లికోసం కొడుకు చదివే కద్దీష్ ప్రార్థన చెప్పాలంటే పదిమంది యూదులుండాలి, ఆడైనా మగైనా. వాళ్లు మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టరు. మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు మొదటి సోలని ఒకటి అనకుండా లాభం అనేది. వీళ్లది మరో పద్ధతి. పది మాటలున్న ఒక వాక్యం తీసుకుని మనిషికో మాట చెబుతారు. పెద్దాయన మెల్లగా చెప్పుకుంటూ పోయి, తొమ్మిదో మాట దగ్గర ఆగాడు. నన్నూ మా ఆయన్నీ దాటిపోయి ఆగాడు. మా అల్లుడు స్టూలు మీద తల వంచుకుని ఉన్నాడు. ఎవరెవరికో ఫోన్లు చేశారు. వచ్చేవాళ్లెవరూ లేరు.

అప్పుడు కారు ఆగింది. మనవరాలు లోపలికొచ్చింది. బబ్బీ కొన్న బూట్లకి ఇంకా ఆ దేశపు మట్టి ఉంది. నాన్నని పట్టుకుని నిలబడింది. గదంతా దాని వైపు చూడటం, ఎందుకు చూస్తున్నారో దానికి అర్థం కావడం నేను చూశాను.

"నేను లెక్కలోకి రాను. నా కోసం చూడకండి" అంది ఇంగ్లీషులో, నెమ్మదిగా.

నేను లేచాను. ముందే ఏదో అనుకుని లేవలేదు.

"తప్పు దానిది కాదు" అన్నాను పెద్దాయనతో. "మూడో నెలలో మీరు అడగడానికి వచ్చారు. వద్దన్నది నేను. వాళ్ల బబ్బీ దానికి ఎప్పుడూ చెప్పలేదు."

మనవరాలు నా వైపు తిరిగింది. పెద్దాయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. దాని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత పదో మాట చెప్పి, పుస్తకం తెరిచి దాని చేతికిచ్చాడు.

అల్లుడు లేచి నిలబడ్డాడు. ప్రార్థన మొదలైంది. అది తండ్రి పక్కనే నిలబడి ఒక్క అక్షరం తడబడకుండా చివరిదాకా చదివింది. ఒక్కసారీ పుస్తకంలోకి చూడలేదు. చదివినంతసేపూ నా వంకే చూసింది.