బాపు మింగిన జావ

మొన్న నేను పదవీ విరమణ చేసిన కాలేజీకి ఒక పాఠం వినడానికి వెళ్లాను. నా తరువాత చేరిన లెక్చరరమ్మ పెరుగు, టూత్‌పేస్టు, సబ్బు నురగ బల్లమీద పెట్టి, ఇవి ఘనమా ద్రవమా అని పిల్లలను అడుగుతోంది. మెత్తని పదార్థాల గురించి భౌతికశాస్త్రంలో ఇప్పుడు ప్రత్యేకంగా ఒక పేపరే ఉందట. వెనుక బెంచీలో కూర్చున్న నాకు మాత్రం పాఠం సగంలోనే చెవికెక్కడం మానేసి, కొత్తవాడలోని మా పాత వంటిల్లు కళ్లముందుకు వచ్చింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు. ఘనం, ద్రవం, వాయువు అని బోర్డు మీద గట్టిగా గీతలు గీసి చెప్పే రోజులవి. జంపఖానాలు నేసే మా నాన్నకు, మేం బాపు అని పిలిచే ఆయనకు, ఒక పొద్దున మగ్గం మీదనే పక్షవాతం వచ్చింది. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు గాని గొంతులో పట్టు పోయింది. గుక్కెడు నీళ్లు పోసినా పొలమారి ఊపిరితిత్తుల్లోకి దిగేవి. నీళ్లలాంటిదేదీ ఇవ్వవద్దని, ముద్ద కాకుండా, జారీ జారనట్టుండేదే పెట్టాలని చెప్పి డాక్టరు ఇంటికి పంపారు. అమ్మ బియ్యప్పిండితో జావ కాచేది, మేనత్త బాపు తల ఎత్తి పట్టుకునేది, నేను చెంచాతో తినిపించేదాన్ని.

మొదట బాగానే మింగేవాడు. గిన్నె అడుగుకు వచ్చేసరికి దగ్గు. ఆ దగ్గు జ్వరమై మళ్లీ దవాఖానకు వెళ్లాం. ఇంకోసారి ఇట్లా అయితే బతకడం కష్టమని డాక్టరు మెల్లగా చెప్పారు. తిరిగి వచ్చాక బాపు తడబడే నాలుకతో, "జర మంచినీళ్లియ్యి బిడ్డా" అని అడిగితే, ఇవ్వలేక నేను మొహం తిప్పుకున్నాను. "అలిసిపోతాండు, సగంలనే ఆపుదాం" అంది అమ్మ. కానీ సగం తిండితో మనిషి కళ్లముందే కరిగిపోతున్నాడు.

ఒక మధ్యాహ్నం గిన్నె కడగబోతూ ఆగిపోయాను. అడుగున మిగిలిన జావ నీళ్లలా పారుతోంది. అదే జావ పొయ్యి మీది తపేలాలో చిక్కగానే ఉంది. చల్లారిన జావ గట్టిపడాలి గాని పలచబడటమేమిటి? పిండిపదార్థమంటే పొడుగాటి గొలుసులని చదువుకున్నదే. అవి ఉబ్బి, చిక్కుపడ్డ నూలులా ఒకదానికొకటి పెనవేసుకుని నీళ్లను పట్టి ఉంచుతాయి, అందుకే జావ అటు ఘనమూ కాదు, ఇటు ద్రవమూ కాదు. ఆ గొలుసులు తెగితే మిగిలేది నీళ్లే. మరి తెంపుతున్నది ఏమిటి? బాపు నోట్లోకి వెళ్లిన చెంచానే ప్రతిసారీ గిన్నెలో ముంచుతున్నాను కదా! రెండు గిన్నెల్లో జావ పోసి, ఒకదానిలో నేను చప్పరించిన చెంచాతో కలిపి పెట్టాను. కాసేపటికి అది పలచబడింది. లాలాజలం చేస్తున్న పని అది.

అమ్మ రెండు గిన్నెలూ వంచి చూసి, "అయితే ఎంగిలి చెంచా ముంచుడే తప్పయింది" అంది. ఆ వంటింట్లో ఎంగిలిని అంతగా పట్టించుకునే అమ్మే, జబ్బు మనిషి దగ్గర అది మరిచిపోయింది.

ఆ రోజునుంచి వేరే గరిటెతో తీసి చెంచాలో పోసేవాళ్లం. గిన్నె ఖాళీ అయ్యేదాకా దగ్గు రాలేదు. జ్వరం తిరిగి రాలేదు. కొన్ని నెలలకు డాక్టరు ఒక్క చెంచా నీళ్లు పోసి చూడమంటే, ముగ్గురం ఊపిరి బిగబట్టి బాపు గొంతునే చూస్తూ కూర్చున్నాం. మింగాడు. "సల్లగున్నయి" అన్నాడు. మళ్లీ మగ్గమెక్కలేదు గాని, ఆ తరువాత కొన్నేళ్లు మాతోనే ఉన్నాడు.

ఇప్పుడు మంచినీళ్లలో కలిపి చిక్కగా చేసి తాగించే పొడి డబ్బాలు మెడికల్ షాపుల్లో దొరుకుతున్నాయి, మింగడం నేర్పేవాళ్లూ ఉన్నారు. అప్పుడే ఉంటే బాపుకు అంత దాహం ఉండేది కాదు. అయినా ఒక మనిషి గుటక వేసేదాకా ఇంట్లో వాళ్లంతా చుట్టూ కూర్చునే తీరిక ఇప్పుడెక్కడ దొరుకుతుందో తెలియదు. ఈమధ్య నాకూ నీళ్లు పొలమారుతున్నాయి. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టేవాళ్లు లేరు గనక, దగ్గు తగ్గేదాకా గోడ పట్టుకుని నిలబడతాను.