సముద్రంలో బావి

మొన్న గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర క్యాబ్ ఆగినప్పుడు రేడియోలో వార్త వచ్చింది: మన సముద్రంలో చమురు వెదకడానికి ఏదో విదేశీ కంపెనీ పెట్టుబడి పెడుతోందట. "గాళ్లకు మన దగ్గరేం పని మేడం?" అన్నాడు డ్రైవరు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

డెబ్బైలలో శేరిలింగంపల్లిలో అత్తమ్మ దగ్గరుండి చదువుకున్నాను. అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా రాతి గుండ్లు, సీతాఫలం చెట్లు. మధ్యాహ్నమైతే గాలి తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. మామ వెల్డింగ్ పనివాడు. అరబ్బులు చమురు ధర పెంచాక బంగాళాఖాతంలో బావి తవ్వడానికి వచ్చిన తెల్లవాళ్ల ఓడలో కుదిరాడు. నెలల తరబడి ఇంటికి రాడు. అత్తమ్మకు పిల్లల్లేరు. తినే మనిషి లేకపోయినా ఆయన కంచం రోజూ కడిగి బోర్లించేది, దుమ్ము పడుతుందని వంక.

వచ్చినప్పుడు మామ అరుగు మీద కూర్చుని మాకు పాఠం చెప్పేవాడు. "మనకు సముద్రముంది, మిషిన్లు లేవు. వాళ్లకు మిషిన్లున్నయి, పైసలున్నయి. చమురు పడితే వాటా తీస్కుంటరు. పడకపోతే నష్టం వాళ్లదే. ఏడనో ఒక్క బావిల పడితే చాలు, పోయిన పైసలన్నీ గుంజుకుంటరు."

"మరి నా దినాలు వొట్టిగ పోతే ఆ నష్టం ఎవలది?" అంది అత్తమ్మ.

"నీకు గాజులు తెస్త గదనే!"

చమురు పడితే ఆయన ఏళ్ల తరబడి అక్కడే. పడకపోతే ఇంటికొస్తాడు. మా చర్చి సంఘానికి ఈ సంగతి తట్టలేదు. కోస్తా నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రతి ఆదివారం, "మన సహోదరుడు పనిచేసే బావి నిండాలని ప్రార్థిద్దామండీ" అనేవారు. అందరూ పెద్దగా ఆమెన్ అనేవారు. అత్తమ్మ పెదవి కదిపేది కాదు.

పక్కనున్న ముసలామె గిల్లింది. "ఏందే, మొగని పనికి ఆమెన్ అనవా?"

"పన్ను నొస్తుంది పెద్దమ్మా."

ప్రభువు ముందు అబద్ధమాడలేక మనిషి ముందు ఆడింది. ఆ మౌనాన్ని కూడా ఆయన ప్రార్థనగానే విన్నాడని నా విశ్వాసం.

బావిలో ఏమీ పడలేదని కబురొచ్చింది. సంఘం విచారపడింది. అత్తమ్మ ఇల్లలికి, కోడిని కోయించింది. మామ వచ్చాడు, తృప్తిగా తింటూ చెప్పాడు: కంపెనీ ఇంకో దేశపు సముద్రానికి పోతోంది, మంచి పనివాళ్లను వెంట తీసుకుపోతోంది.

"ఎన్ని దినాలకు?"

"చమురు పడేదాక."

అత్తమ్మ ఇంకో గరిటె కూర వడ్డించింది. మామ మళ్లీ వెళ్లాడు. ఎండిన బావిని మూసేసి కంపెనీ ఇంకో సముద్రం వెతుక్కోగలదు. మనిషి వయసుకు ఇంకో సముద్రమంటూ లేదు, ఒకసారి తోడిన కాలం మళ్లీ ఊరదు.