శవం వేషం కట్టిన మాస్టారు

మాస్టారు పోయారని మొన్న పొద్దున వాళ్లావిడ, మేం ఆంటీ అని పిలిచేవారు, ఫోన్ చేసి చెప్పారు. అప్పుడే ఎక్స్‌పో స్టేషన్‌లో రైలు దిగి ఆఫీసుకు నడుస్తున్నాను. "నిద్రలోనే పోయారు. సాయంత్రం మీ నాటక బృందమంతా రండి. ఊరికే నిలబడడానికి కాదు, కూర్చుని కబుర్లు చెప్పడానికి. ఆయన కోరింది అదొక్కటే" అన్నారామె. సరేనన్నాను. అదెంత కష్టమో అప్పటికి తట్టలేదు.

ఇక్కడ సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్క్‌లో రోజంతా బ్యాంకు పని చూసుకునే నాకు నాటకాల పిచ్చి అంటించింది ఆయనే. ఐర్లండ్‌లో పుట్టి, ఇక్కడావిడను పెళ్లాడి, పెద్దవయసులో ఈ ఊళ్లోనే పుంగ్గోల్ పేటకు చేరిన నాటకకర్త. తొలి నాటకంలో అక్కాచెల్లెళ్లు తండ్రి కొట్టును సుద్దగీత గీసి పంచుకుంటారు. మధ్యలో బేరానికొచ్చినవాళ్ల అవస్థే నాటకమంతా. తర్వాతది, ఊరికి బస్సు ఆగిపోయే రోజున డ్రైవరు వేసే ఆఖరి ట్రిప్పు. అవి ఎన్నో దేశాల్లో ఆడాయి, మంచి పేరు తెచ్చాయి. చిత్రమేమిటంటే, తన నాటకం ఒక్కటీ ఆయన హాల్లో కూర్చుని చూడలేదు. వరండాలో పచార్లు చేస్తూ ప్రేక్షకుల దగ్గులు వినేవారట. "దగ్గు వినబడిందంటే ఆ పేజీ కొట్టేయాలి" అనేవారు.

రిహార్సల్‌లో టీ పొగలు కక్కాల్సిందే. "చల్లారిన టీ పట్టుకుని ఎవరూ నిజం చెప్పరు" అంటూ ఫ్లాస్కు తనే మోసుకొచ్చేవారు. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మేం డైలాగు అప్పజెబుతుంటే ఇట్టే పసిగట్టి, మాట్లాడకుండా వచ్చి కప్పు నింపేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయనంటే ప్రాణం పెట్టడం కూడా అప్పుడే మొదలైంది.

మేం తెలుగులోకి తెచ్చుకున్నది ఆయన మూడో నాటకం. వాళ్ల ఐర్లండ్ ఊళ్లలో శవాన్ని ఇంట్లో ఉంచి, చుట్టూ చేరి, తిని, తాగి, పోయినవాడి మీద జోకులు చెప్పుకుంటారు. కథంతా అక్కడే జరుగుతుంది. తీరా శవం వేషం దగ్గర మా బండి ఆగిపోయింది. బృందంలో అందరం రాజమండ్రి అన్నయ్య అని పిలిచే షిప్‌యార్డ్ ఇంజనీరు చేతులెత్తేశాడు.

"అమ్మ బతికుండగా నేను శవంలా పడుకోలేనమ్మా. నౌకరు వేషం ఇయ్యి, చేస్తాను."

మిగతావాళ్లదీ అదే పాట. మాస్టారు అంతా విని, చెప్పులు విప్పి, మంచమెక్కి పడుకున్నారు. "నాకు అమ్మా లేదు, డైలాగులూ రావు. మొదలుపెట్టండి" అన్నారు.

ప్రదర్శన రోజు కూతురి వేషం నాది. ఏడుపు ఘట్టంలో మాట మరిచిపోయాను. నోటికొచ్చింది అనేశాను: "లే నాన్నా, మన తగువు ఇంకా సగమే అయింది." శవం కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా దిండు మీదికి కారుతున్నాయి. ముందు వరసలో ఓ పాప సింగపూర్ యాసలో గట్టిగా అంది: "మమ్మీ, డెడ్ అంకుల్ ఈజ్ క్రయింగ్ లా." హాలంతా గొల్లున నవ్వింది.

మొన్న సాయంత్రం వాళ్ల అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద, స్తంభాల మధ్య ఖాళీ స్థలంలో శవపెట్టె ఉంచారు. ఆంటీ బల్లల మీద వేయించిన పల్లీలు, వేడి టీ పెట్టారు. మావాళ్లంతా స్తంభాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. శవం లేచేదాకా మంచినీళ్లైనా ముట్టని ఇళ్లు మావి. ఆంటీ పళ్లెం పట్టుకుని మా మొహాలు చూస్తున్నారు.

"ఒక్కళ్లూ మాట్లాడరేం? ఆయన్ని ఇలా మౌనంగా పంపించలేను" అన్నారు. 

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పల్లీలు గుప్పెడు తీసుకున్నాను. మా నాయనమ్మ చూస్తే చీపురు తిరగేసేది. నోట్లో వేసుకుని, శవం ఏడ్చిన కథ మొదలుపెట్టాను. పాప మాట దగ్గరికి వచ్చేసరికి నాకే ఏడుపు, నవ్వు కలిసిపోయాయి.

అన్నయ్య స్తంభం వదిలి దగ్గరికొచ్చాడు. "ఆంటీ, ఆ రోజు మాస్టారు నిజంగానే ఏడ్చారా? యాక్టింగా?"

"నేనూ అదే అడిగాను" అన్నారామె. "ఒక్క మాటా అర్థం కాలేదట, అయినా ఏడుపొచ్చేసిందట. రాసింది తనేనన్న సంగతి మర్చిపోయి, జీవితంలో మొదటిసారి నాటకం దగ్గర ప్రేక్షకుడిలా ఉన్నానన్నారు."

 అన్నయ్య కూర్చుని, పల్లీల పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు. కాసేపటికి ఇంకో కథ, ఇంకొకరి నవ్వు. గాలికి పల్లీ పొట్టు మా కుర్చీల కిందనుంచి ఎగిరి పెట్టె దాకా పోతోంది. ఊడవడానికి ఎవరూ లేవలేదు.