తాడు పొడవు అడిగిన మావ

మొన్న పేపరు మడతపెట్టబోతూ ఒక చిన్న వార్త దగ్గర ఆగిపోయాను. ఎక్కడో దూరపు గెలాక్సీ నడుమ ఉన్న కృష్ణబిలం బరువును అక్కడి వెలుగును బట్టి అంచనా కట్టారట. నడుమ వెలుగు ఒకసారి పెరిగితే, చుట్టూ తిరిగే వాయువు కొన్నాళ్లకు గాని మెరవదట, ఆ ఆలస్యమే వాటి మధ్య దూరం చెబుతుందట. నా కాఫీ చల్లారిపోయింది.

అరవైల చివర శ్రీకాకుళంలో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి; తాత్కాలికం అన్న మాట నాకు ఇంటిపేరులా అంటుకుని ఉండేది. సోమవారం ప్రిన్సిపాలుగారి ఎదుట ఒక పాఠం చెప్పాలి. నచ్చితే పర్మినెంటు, నచ్చకపోతే పెట్టె సర్దుకుని ఆమదాలవలసలో రైలెక్కడం. బుద్ధున్నవాడు లోలకం ఎంచుకుంటాడు. నేను లైబ్రరీకి మూడు నెలలు ఆలస్యంగా వచ్చే పత్రిక చదివి, గెలాక్సీల నడుమ దాగున్న మహా బరువును ఎంచుకున్నాను. దానికి కృష్ణబిలమన్న పేరు ఇంకా మా దాకా రాలేదు. వర్ణపటంలో గీతలు వెడల్పుగా పరుచుకున్నాయంటే అక్కడి వాయువు మహా వేగంగా తిరుగుతోందని, వేగం తెలిస్తే బరువు తెలిసినట్టేనని నా ధీమా.

ఆదివారం పాతపట్నంలో మేనమావ జొన్నచేలో రిహార్సలు. గాజుగొట్టంలోంచి దారం దూర్చి, పైకొసన రబ్బరు బిరడా, కిందికొసన గుడ్డలో మూటకట్టిన రాయి వేలాడదీసి, బిరడాను గిరగిరా తిప్పుతూ, ఆ వేగాన్ని బట్టి రాయి బరువు చెప్పేయవచ్చని, గెలాక్సీ నడుమ బరువూ అంతేనని వివరించాను. వడిసెలతో పిట్టల్ని తోలుతున్న మావ ఆగి చూశాడు.

“ఒరే అల్లుడూ, తాడు పొట్టిదైతే ఒక లెక్క, పొడుగైతే ఒక లెక్క. వడిసెల తిప్పినోడికి తెలీదేటి? అక్కడ తాడెంతుందో ఎవుడు సూసి వచ్చినాడ్రా?”

“అంత దూరం ఎవరెళ్తారు మావా?”

“మరి బరువెలాగ సెప్తన్నావు? సదువుకున్నోడివి, కాసింత సిగ్గుండక్కర్లేదా?”

పిట్టలు ఈలోగా తమ పని చూసుకున్నాయి. ఆ నష్టం కూడా నా ఖాతాలోనే పడింది.

సోమవారం పాఠం బాగానే సాగింది. చివర బోర్డు మీద బరువు రాయాలి. ఎన్ని సున్నాలు పెట్టినా ఆ గదిలో అడిగేవాడు లేడు. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, వేగం తెలుసుగాని నడుమ నుంచి వాయువు దాకా దూరం ఎవరికీ సరిగా తెలియదని, కనుక నేను చెప్పబోయే బరువు పదింతలు తప్పినా తప్పవచ్చని ఒప్పేసుకున్నాను. ప్రిన్సిపాలుగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఈ సందేహం మీకే వచ్చిందా అన్నారు. మా మావదండీ అన్నాను. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. అందులో మావ ప్రస్తావన లేదు.

ఇప్పుడు ఏ గెలాక్సీ బరువైనా ఫోను క్షణంలో చెబుతోంది, మనమూ తలూపుతున్నాం. వెలుగు ఆలస్యాన్ని బట్టి తాడు పొడవు కొలిచే ఉపాయం దొరికిందని మావకు చెప్పి రావడానికి పాతపట్నం బస్సులు మునుపటికంటే ఎక్కువే ఉన్నాయి. దిగాక, అదెలాగ కుదిరిందిరా అని నాతో దెబ్బలాడే మనిషే లేడు.